రెక్కలోని నల్ల గళ్ళు

మ్యూజియంలో అందరూ ఆమెను జిగురమ్మ అనేవారు. ఎదురుపడితే చివర "గారు" చేర్చేవారు, అంతే తేడా. ఉద్యోగంలో సగం కాలం గోధుమపిండి గంజిని సన్నసెగ మీద కలుపుతూ, వడగడుతూ, మళ్ళీ కలుపుతూ గడిపిన మనిషికి ఆ పేరు అన్యాయమేమీ కాదు. పాత కాగితం చిరిగితే ఆ గంజితోనే అతికిస్తారు, రేపెవరికైనా అతుకు నచ్చకపోతే తడిపి తీసేయవచ్చు కనుక. ఒక అతిథి ఉపన్యాసకుడు సభలో దీన్ని "వినయానికి పరాకాష్ఠ" అని పొగుడుతున్నప్పుడు ఆమె వెనక వరసలో కూర్చుని గోళ్ళలో ఎండిన గంజి గీరుకుంటూ ఉంది. వినయం సంగతి ఆమెకు తెలియదు. గట్టి జిగురుతో అతికించి చేతులు దులుపుకుని పోయిన వెనకటివాళ్ళను ఆమె తిట్టిన తిట్లు మాత్రం ఆ గది గోడలకు బాగా తెలుసు.

తండ్రి పుస్తకాలు బైండు చేసేవాడు. ఇరుకు సందులో మెట్ల కింద కొట్టు. బడి నుంచి రాగానే అట్టలకు గుడ్డ అంటించడం ఆమె వంతు. డిగ్రీలో రసాయనశాస్త్రం చదివింది. ఆపైన ఏం చేయాలో తోచక మ్యూజియంలో పటాల అద్దాలు తుడిచే తాత్కాలికపు పనిలో చేరింది. కాగితాలు బాగుచేసే పాత మేస్త్రీ ఒకరోజు ఆమెను గమనించి, తడికాగితం దగ్గర నోరు మూసుకుని నిలబడగల మనిషి ఇన్నాళ్ళకు దొరికిందనుకున్నాడట. ఆయన రిటైరయ్యేనాటికి ఆయన బల్లతో పాటు కోపం కూడా ఆమెకు సంక్రమించింది. భర్త బస్సు డిపోలో బ్రేకుల మెకానిక్. ఇంటికి వచ్చాక ఇద్దరూ పక్కపక్కన నిలబడి చేతులు తోముకునేవారు, ఆయన గ్రీజు, ఆమె గంజి. ఆ తొట్టి దగ్గర జరిగినంత సంసారం ఆ ఇంట్లో మరెక్కడా జరగలేదని చెప్పవచ్చు.

ఆమె పనిచేసే విభాగంలో అచ్చుచిత్రాలు ఉంటాయి. అందులో జనం పెద్దగా తొంగిచూడని మూల ఒకటుంది. లేసు అల్లికలకు, బట్టల మీద కుట్టుపనికి వెనకటి రోజుల్లో అచ్చువేసి అమ్మిన నమూనా కాగితాలు అక్కడ ఉంటాయి. తీగలు, నక్షత్రాలు, జింకలు, పక్షులు, అన్నీ గళ్ళు గళ్ళుగా. నల్లగడిలో దారం నింపాలి, తెల్లగడి వదిలేయాలి. కొనుక్కున్నవాళ్ళు వాటిని అపురూపంగా దాచుకున్నారనుకుంటే పొరపాటే. పుటలు చింపుకున్నారు, పక్కింటివాళ్ళకు అరువిచ్చారు, బట్ట మీద పరిచి గీతల వెంట సూదితో పొడిచి ఆ రంధ్రాల్లోంచి బొగ్గుపొడి అద్దారు. వాడినవి వాడినట్టే నుసి అయిపోయాయి. గాజుపెట్టెల్లో మనం గౌరవంగా వంగి చూసేవాటిలో చాలావరకు ఎవరూ ముట్టుకోని ప్రతులే. ఇది తెలిసిన ఆడపడుచు నలుగురూ కూడినచోట ఒక మాట అనేది.

"మా వదిన ఉద్యోగమంటే ఏమనుకున్నారు? ఎప్పుడో పోయినవాళ్ళు అల్లకుండా వదిలేసిన లేసుకి కాపలా."

అందరికన్నా గట్టిగా నవ్వేది జిగురమ్మే. నిజానికి అంతకన్నా క్లుప్తంగా ఆ పనిని ఎవరూ వర్ణించలేదు.

అందుకే ఆ పక్షి కాగితం వచ్చినప్పుడు ఆమె కొంతసేపు కుర్చీలో కూర్చోలేకపోయింది. ఎవరో సంపన్న సేకర్త ఆల్బంలోంచి వచ్చింది. ఆ మహానుభావుడు పుటలన్నిటినీ మందపాటి అట్టలకు దిట్టంగా అతికించి పోయాడు. మిగతా పుటల సంగతి ఎలా ఉన్నా, ఇందులో పక్షి మెడ వెంట సూదిపోట్లు ఉన్నాయి. అంటే దీన్ని ఎవరో వాడారు. వాడీ మిగిలింది. ఇదే అచ్చుకు ఇంకో ప్రతి ఎక్కడా ఉన్నట్టు జాడ లేదు.

పైగా ఆ పక్షి రెక్క విప్పి ఉంది. ఈ తరహా నమూనాల్లో పక్షులు బుద్ధిగా రెక్కలు ముడుచుకుని ఉంటాయి, గళ్ళలో ముడిచిన రెక్క తేలిక కాబట్టి. విభాగపు క్యూరేటర్, జిగురమ్మకన్నా పదేళ్ళు చిన్నవాడు, మంచి చదువరి, ఆ విప్పిన రెక్క మీద పెద్ద వ్యాసమే రాశాడు. అచ్చు చెక్కినవాడి ధైర్యాన్ని మెచ్చుకున్నాడు. రాబోయే ప్రదర్శనకు ఆ వ్యాసంతో పుస్తకం అచ్చయి కట్టలు కట్టలుగా గోదాంలో కూర్చుంది.

ఇబ్బంది అట్టతో వచ్చింది. చవక గుజ్జుతో చేసిన అట్ట తనలోని ఆమ్లపు పులుపును కాగితానికి ఎక్కించి, దాన్ని గోధుమరంగుకు తిప్పి, పెళుసు చేసింది. కింది అంచున మొదలైన పగులు పక్షి కాలి దాకా పాకింది. జిగురమ్మ నీళ్ళలో వేసి అట్ట ఊడదీస్తానంది. క్యూరేటర్‌కు నీళ్ళంటే భయం.

"అట్ట మీదే ఉంటే ఇంకొన్నాళ్ళు బతుకుతుంది కదండీ. నీళ్ళలో వేస్తే ఈ పూటే పోవచ్చు."

"ఇంకొన్నాళ్ళంటే ఎన్నాళ్ళు సార్? పగులు పొట్టలోకి వెళ్ళాక ఊడదీస్తే రెండు ముక్కలు వస్తాయి. నాదీ పూచీ."

ఆ మాట ఆమెకు ఊతపదం. ఇంట్లో పాలు పొంగవని, వాన పడదని, బిడ్డ పరీక్ష గట్టెక్కుతుందని, అన్నిటికీ ఆమెదే పూచీ. ఈసారి మాత్రం మ్యూజియం కమిటీ దాన్ని కాగితం మీద పెట్టించుకుని సంతకం తీసుకుంది. ఏదైనా జరిగితే బాధ్యత ఫలానా ఉద్యోగినిది. కమిటీలకు ఇటువంటి వాక్యాలు నిద్రలో కూడా వచ్చేస్తాయి.

నీళ్ళలో వేసేముందు సిరా నిలుస్తుందో లేదో పరీక్షించాలి. ఒక నీటిచుక్క వేసి, కాసేపు ఆగి, అద్దుడు కాగితం నొక్కి ఎత్తి చూస్తారు. తెల్లగా వస్తే సిరా గట్టిది. చుక్క ఎప్పుడూ అంచునే వేయాలన్నది ఆ వృత్తిలో అందరి నియమం, మచ్చ పడినా చట్రం కింద దాగిపోతుందని. జిగురమ్మ నాలుగు అంచుల్లోనూ నల్లగళ్ళ మీద చుక్కలు వేసింది. నాలుగుసార్లూ అద్దుడు కాగితం మల్లెపూవులా వచ్చింది. అచ్చు సిరాలో నూనె ఉంటుంది, నీటికి చలించదు. ఇంకేం కావాలి?

ఉదయపు వెలుగు కిటికీ నిండా ఉండగా గోరువెచ్చటి నీళ్ళ ట్రేలోకి అట్టతో సహా కాగితాన్ని దించింది. అట్ట కింద, పక్షి పైన. క్యూరేటర్ అవతలి వైపు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. అట్ట నీళ్ళు తాగి ఉబ్బింది. అంచుల్లోంచి పసుపుపచ్చని మురికి దిగసాగింది. అది రావలసిందే. కింది మూల జిగురు మెత్తబడి కాగితం వేలికి తేలికగా లేచింది. జిగురమ్మకు ఊపిరి తేలికపడింది.

అప్పుడు రెక్క మీద నీడ పడినట్టు కనిపించింది. తల పక్కకు జరిపి చూసింది. నీడ జరగలేదు. సన్నటి పొగలాంటిది రెక్క కొసనుంచి లేచి నీళ్ళలో మెలికలు తిరుగుతోంది. మురికి అయితే పచ్చగా ఉండాలి. ఇది నల్లగా ఉంది. పుల్లకు చుట్టిన దూదిని ఒక గడికి ఆనించి తీసింది. దూది నల్లబడింది. పక్కగడికి ఆనించింది. అదీ నల్లబడింది. మెడ మీది గడికి ఆనిస్తే తెల్లగా వచ్చింది.

క్యూరేటర్ ట్రే మీదకు వంగాడు. నల్లబడ్డ దూదినీ పక్షి మెడనూ మార్చి మార్చి చూశాడు. మెల్లగా, తనకు తాను చెప్పుకుంటున్నట్టు అన్నాడు.

"ఇది అచ్చు కాదు. ఎవరో కలంతో నింపుకున్నారు."

ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. అచ్చులో పక్షి అందరి పక్షుల్లాగే రెక్క ముడుచుకునే ఉంది. కొనుక్కున్న మనిషెవరో, ముడుచుకున్న రెక్క నచ్చక, దీపపు మసిని తుమ్మజిగురులో కలిపిన సిరాతో తెల్లగళ్ళు ఒక్కొక్కటే నింపి దాన్ని విప్పింది. జిగురు నీళ్ళలో కరుగుతుంది. జిగురు కరిగితే మసి తేలిపోతుంది. జిగురమ్మ నాలుగు అంచుల్లోనూ పరీక్షించింది, నిజమే. కానీ లేసు అల్లుకునే మనిషికి అంచులతో ఏం పని? తనకు కావలసింది నడిమధ్యన ఉంటే, అంచుల్లో ఎందుకు చెయ్యి పెడుతుంది?

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఇప్పుడు బయటికి తీస్తే, సగం ఊడి సగం అంటుకున్న తడికాగితం అట్టతో పాటు ఆరుతూ అడ్డదిడ్డంగా బిగుసుకుని చిరిగిపోతుంది. నీళ్ళలో ఉంచితే రెక్క వెళ్ళిపోతుంది.

"సార్, ఆ మూల బిరడా తీయండి. పూర్తిగా కాదు, వదులు చేయండి చాలు. నీళ్ళు సన్నగా పోవాలి."

ఆయన చొక్కా చేతులు మడుచుకోకుండానే ట్రేలోకి చేతులు పెట్టాడు. జిగురమ్మ బీరువాలోంచి స్పిరిట్ సీసా తెచ్చి, కుంచెతో రెక్క మీద తడిపింది. తుమ్మజిగురు స్పిరిట్‌లో కరగదు, బిగుసుకుంటుంది. కాలేజీలో చదివిన ఆ ఒక్క వాక్యం ఇన్నేళ్ళ తర్వాత ఆమె నెత్తిన పాలు పోసింది, అయితే కొంచెం ఆలస్యంగా. కుంచె జారితే మసి అలికినట్టవుతుంది కనుక నిలువుగా ఆనించి నిలువుగా తీయాలి. అద్దుడు కాగితమూ అంతే, నేరుగా నొక్కి నేరుగా ఎత్తాలి. మొదటి కాగితం మీద రెక్క కొస అద్దంలో బొమ్మలా అచ్చుపడి వచ్చింది. క్యూరేటర్ దాన్ని చూసి కళ్ళు తిప్పుకున్నాడు. రెండోది బూడిదరంగులో వచ్చింది. మూడోదాని మీద ఏమీ లేదు.

అసలు గండం ఆ తర్వాత మొదలైంది. కాగితాన్ని బోర్లించి వెనకనుంచి అట్టను పొరలు పొరలుగా వలవాలి. బోర్లిస్తే రెక్క కిందకు పోతుంది, కంటికి కనపడదు. స్పిరిట్‌తో తడిపిన అద్దుడు కాగితం మీద పక్షిని పడుకోబెట్టాలి. ఆ తడి ఆరిపోతే అట్టలోని నీళ్ళు రెక్కలోకి దిగుతాయి. కాబట్టి ఒకరు వలుస్తుంటే ఇంకొకరు పక్కనుంచి చుక్క చుక్కగా స్పిరిట్ అందిస్తూ ఉండాలి.

"నాకీ పని అలవాటు లేదు" అన్నాడు క్యూరేటర్.

"అలవాటక్కర్లేదు. చుక్క పడితే చాలు. సన్నగా పోయాల్సిన పని కాదది."

బోర్లించేటప్పుడు ఇద్దరూ రెండు వైపులా పట్టుకున్నారు. ఉబ్బిన అట్ట బరువుకు కాగితం మధ్యలో కిందికి దిగింది. జిగురమ్మ మోచేయి కింద పెట్టి ఆపింది. ఆ మోచేయికి కొద్దిగా పైనే పగులు ఉందని ఆమెకు తెలుసు. చిరిగిన చప్పుడు వస్తుందేమోనని ఇద్దరూ చెవులు రిక్కించారు. రాలేదు.

కిటికీలన్నీ తెరిచినా స్పిరిట్ ఘాటుకు కళ్ళలోంచి నీళ్ళు కారాయి. దూరం నుంచి చూసిన ప్యూన్ ఇద్దరూ ఏడుస్తున్నారనుకుని తలుపు దగ్గరే ఆగి వెనక్కి వెళ్ళిపోయాడట. జిగురమ్మ ఎముక బద్దతో అట్ట పొరలు ఒక్కొక్కటే లేపింది. చివరి పొర కింద పాత జిగురు చీమిడిలా సాగింది. దాన్ని దూదితో తీసింది. ఎక్కువ తుడిస్తే కాగితం పోతుంది, తక్కువ తుడిస్తే జిగురు ఉంటుంది. పొద్దు వాలేవేళకు కాగితం ఒంటరిగా బల్ల మీద మిగిలింది. పగులు పెరగలేదు. తిప్పి చూశారు. రెక్క ఉంది. కానీ కొసన గళ్ళు తెల్లబోయి ఉన్నాయి. నిలిచిన గళ్ళు కూడా మునుపటి నలుపు కోల్పోయి బూడిదరంగుకు తిరిగాయి.

కాగితాన్ని బరువుల కింద పెట్టి ఆమె ఇంటికి వెళ్ళింది. తొట్టి దగ్గర భర్త ఆమె వేళ్ళ వంక చూశాడు. గంజి లేదు, మసి ఉంది.

"పోయిందా?"

"కొంత."

"తప్పు నీదేనా?"

"నాదే. అంచున చూశాను. మధ్యలో చూడలేదు."

ఆయన సబ్బు చేతిలో తిప్పుతూ ఆలోచించాడు. "మేమూ అంతే. బ్రేకు పట్టిందా లేదా అని డిపో ఆవరణలో చూస్తాం. అక్కడ నేల చదును. బండి పోయేది ఘాట్ మీద."

ఓదార్పు మాట కాదది, నిజం. అందుకే ఆమెకు ఒళ్ళు మండింది. ఆ రాత్రి తొట్టి దగ్గర సంసారం అక్కడితో ఆగిపోయింది. "నా పనికి, మీ బస్సులకు పోలికేమిటి" అని విసురుగా లోపలికి వెళ్ళిపోయింది. అన్నం మాత్రం తింది. అలిగితే అన్నం మానేసే కోవ కాదు.

కాగితం ఆరాక బరువులు తీసి కిటికీ దగ్గర పెట్టుకుంది. నీళ్ళలో వేయకముందు తీసిన ఫొటో పక్కన పెట్టింది. ఏ గడి నలుపో ఏ గడి తెలుపో అందులో స్పష్టంగా ఉంది. మసి ఉంది, తుమ్మజిగురు ఉంది, సన్నకుంచె ఉంది, చేతిలో పనితనం ఉంది. పోయిన గళ్ళు నింపడానికి ఒక పూట కూడా పట్టదు. ప్రదర్శన దగ్గరపడింది. సంతకం పెట్టిన కాగితం కమిటీ దగ్గర ఉంది. ఆమె మసి నూరి, సిరా కలిపి, కుంచె ముంచింది.

తలుపు తీసుకుని క్యూరేటర్ వచ్చాడు. కుంచె చూశాడు, ఫొటో చూశాడు. అచ్చు చెక్కినవాడి ధైర్యం గురించి తను రాసిన వ్యాసం కట్టలు కట్టలుగా గోదాంలో ఉన్న సంగతి ఇద్దరికీ తెలుసు. ఆయన కిటికీ వైపు తిరిగి, వీధిలోకి చూస్తూ నిలబడ్డాడు.

"నేనేం చూడలేదు" అన్నాడు.

ఇక అడ్డు చెప్పేవాళ్ళు లేరు. జిగురమ్మ కుంచెను మొదటి తెల్లగడి మీదకు తెచ్చింది. పెట్టబోతూ, పక్కగడితో రంగు సరిచూసుకుంది. పక్కది బూడిదరంగు. కొత్తగడి నల్లగా ఉంటే కొట్టొచ్చినట్టు కనపడుతుంది. పోనీ ఇదీ బూడిదగా వేస్తే, రెక్కంతా వెలవెలబోయి మెడ నల్లగా ఉండిపోతుంది, వ్యాసంలోని ఫొటోకూ దీనికీ పొంతన ఉండదు. ఫొటోలో ఉన్నట్టు కావాలంటే, మిగిలిన గళ్ళన్నిటి మీదా కొత్త నలుపు వేయాలి. అంటే, ఆ రోజు పొద్దుటినుంచి సాయంత్రం దాకా కళ్ళలో నీళ్ళు కారుతుంటే ఇద్దరూ కలిసి దక్కించుకున్న సిరాను తన సిరాతో పూడ్చేయాలి. నీళ్ళు కొసలు మాత్రమే తీసుకెళ్ళాయి. ఇప్పుడు తను పూనుకుంటే ఏమీ మిగలదు.

కుంచె కడిగేసింది.

"సార్, ఇటు తిరగండి. మీ వ్యాసం తప్పైపోయింది."

"తెలుసు" అన్నాడాయన, ఇంకా వీధివైపే చూస్తూ. "తప్పు కాదు. ధైర్యం ఉంది, పేరే మారింది. ఆ పేరు మనకి తెలీదు, అంతే." తర్వాత ఇటు తిరిగి, "కట్టలు విప్పించి పుస్తకానికో సవరణ చీటీ పెట్టించాలి. నన్ను తిడతారు" అన్నాడు.

"మీతో పాటు నన్నూ తిడతారు. తోడుంటుంది."

కమిటీ తిట్టింది. అయితే శిక్ష వేయడానికి ఒక చిక్కు వచ్చింది. జిగురమ్మను తడిబల్ల దగ్గరనుంచి తప్పిస్తే అక్కడ నిలబడడానికి ఇంకో మనిషి లేదు, ఆల్బంలో మిగతా పుటలన్నీ అవే అట్టల మీద పగుళ్ళు తీస్తున్నాయి. అధ్యక్షుడు కొత్త కాగితం ముందుకు తోశాడు. ఇకపై ఇటువంటిది జరగదని పూచీ రాసివ్వమన్నాడు. రాస్తే బల్ల ఆమెది. రాయకపోతే ఆలోచించాల్సి ఉంటుందన్నాడు.

జిగురమ్మ కలం తీసుకోలేదు. ఆ బల్ల పోతే తనకు ఇంకేమీ చేతకాదని, ఈ వయసులో మళ్ళీ పటాల అద్దాలు తుడవాలని ఆమెకు తెలుసు.

"రాయలేనండీ" అంది. "పూచీ పడబట్టే ఇలా అయింది. లేకపోతే భయపడి నడిమధ్యలో చూసేదాన్ని."

"అయితే మిగతా కాగితాల గతి?"

"ఒక్కోదాన్నీ బొమ్మ మధ్యలోనే చుక్కవేసి చూస్తాను. మచ్చ పడుతుంది. అందరికీ కనపడేచోటే పడుతుంది. అందుకు ఒప్పుకుంటేనే నీళ్ళు. వద్దంటే అట్టల మీదే ఉంచండి, పగులుతాయి."

మచ్చా వద్దు, పగులూ వద్దు అనగలిగితే ఎంత బాగుండునో అధ్యక్షుడి ముఖంలో కనిపించింది. కమిటీలు పుట్టిందే రెంటినీ వద్దనడానికి. ఆయన క్యూరేటర్ వైపు తిరిగాడు.

"మచ్చ పడనివ్వండి" అన్నాడు క్యూరేటర్. "నేనూ సంతకం పెడతాను. పూచీగా కాదు, పక్కన ఉన్నట్టుగా."

ఆ వారంలోనే రెండో పుట బల్ల మీదకు వచ్చింది. జింకల నమూనా, బ్రహ్మాండంగా ఉంది, అందరూ ప్రదర్శనకు కావాలనుకున్నదే. జిగురమ్మ పెద్ద జింక గుండె మీద నీటిచుక్క వేసింది. క్యూరేటర్ ముఖం చిట్లించాడు గాని, ఒప్పుకున్నవాడే కనుక నోరెత్తలేదు. చుక్క ఇంకేదాకా ఇద్దరూ కదలకుండా ఉన్నారు. ఆమె అద్దుడు కాగితం నొక్కింది, ఎత్తింది, వెలుగులోకి తిప్పింది.

నల్లగా ఉంది.

జింకల కాగితం నీళ్ళ జోలికి పోకుండా తన అట్ట మీదే, గుండె మీద చిన్న మచ్చతో, పెట్టెలోకి తిరిగి వెళ్ళిపోయింది. జిగురమ్మ తర్వాతి పుట అందుకుంది.